గంజాయి, కాలము, కానబినాల్

గంజాయి పేరు వినినంతనే మన యిండ్లలో సంభాషణ మాగిపోవును. గంజాయివనములో తులసిమొక్క యని సామెత కట్టిన జాతి మనది. తులసిని గూర్చి ఎంతయైనను చెప్పుకొందుము గాని, ఆ వనమును గూర్చి తెలిసికొనవలసినది వేరే యున్నదని మనకు తోచదు. ఐనను ఈ మధ్య మాకు వచ్చుచున్న ఉత్తరములలో ఒక ప్రశ్న పలుమారులు కనబడుచున్నది. అమెరికాలో నున్న కుమారుడో కుమార్తెయో, రాత్రులు నిద్రపట్టని తల్లిదండ్రులకు "సి.బి.ఎన్." అను అక్షరములు ముద్రించిన మిఠాయి బిళ్లలను గూర్చి చెప్పుచున్నారు. అది గంజాయిజాతి మొక్కనుండి వచ్చినదే యట, కాని మత్తు నీయదట, పసిపాపను జోకొట్టినట్లు నిద్రపుచ్చునట. ఇది నిజమేనా యని వారి ప్రశ్న.

ఈ మూడక్షరముల వెనుక నున్న పదార్థము పేరు కానబినాల్. దీనికి ఒక విచిత్రమైన చరిత్ర కలదు. గంజాయినుండి మానవుడు వేరుచేసి చూచిన తొలి విశిష్ట పదార్థ మిదియే. గంజాయి మత్తంతయు దీనిదే యని మొదట నమ్మిరి. అది పొరపాటని తేలినంతనే దీనిని మూలకు నెట్టిరి. నూరు సంవత్సరములు గడచిన పిమ్మట నిద్రను ప్రసాదించు గుణమును దీనికి కట్టబెట్టిరి. ఈ రెండవ నమ్మక మెంతవరకు నిలుచునో చూడవలెనన్న, మొదటి నమ్మక మెట్లు పుట్టి యెట్లు పోయెనో ముందుగా చూడవలెను.

కథ మన దేశముననే ప్రారంభమగుచున్నది. విలియం బ్రూక్ ఓషాన్నెసీ అను ఐరిషు వైద్యుడు 1833లో ఈస్టిండియా కంపెనీ కొలువులో కలకత్తాకు వచ్చి, అక్కడి క్రొత్త వైద్యకళాశాలలో రసాయనశాస్త్రాచార్యుడయ్యెను. బజారులో గంజాయి, భంగు, చరస్ బాహాటముగా అమ్ముచుండిరి. వైద్యులు, హకీములు వానిని మందులలో వాడుచుండిరి. ఓషాన్నెసీ వారిని అడిగి తెలిసికొనెను, గ్రంథములు చదివించుకొనెను, పిమ్మట తానే పరీక్షకు దిగెను. ముందు జంతువులపై చూచెను. కుక్కలు, పిల్లులు, రాబందులు, చేపలు త్వరగా మత్తెక్కినవనియు, గుఱ్ఱములు, ఆవులు, మేకలు మొదలైన గడ్డి తిను జంతువులకు అంతగా ఏమియు కాలేదనియు వ్రాసెను. ఆ తరువాత వాతనొప్పులు, ధనుర్వాతము, కలరా, కుక్కకాటు వలన వచ్చు జలభయము గల రోగులకు ఇచ్చి చూచెను. జలభయ రోగి బ్రతుకలేదు గాని అతని యాతన తగ్గెను. ధనుర్వాతమున కొందరికి మేలు కలిగెను. ఈ ఫలితములను 1839లో కలకత్తా వైద్యసంఘము ముందు చదివెను.

ఇక్కడ మా వృత్తికి సంబంధించిన యొక మాట చెప్పక తప్పదు. అదే 1839లో ఈ ఓషాన్నెసీయే కలకత్తా సమీపమున ప్రయోగార్థము విద్యుత్తంతిని పరపించెను. 1850 తరువాత భారతదేశమున తంతి తపాలా మార్గములను నిర్మించినవాడును ఆయనయే. తీగపై మాటను పంపిన చేతులే గంజాయిని పాశ్చాత్య వైద్యమునకు పరిచయము చేసినవి. తీగయే లేక మాటలు పంపుచున్న మాకు ఆయన దూరపు పూర్వికుడు కావలెను.

1841 ప్రాంతమున ఆయన ఇంగ్లండునకు పోయినపుడు గంజాయిని వెంట తీసికొనిపోయెను. లండనులో పీటర్ స్క్వైర్ అను మందుల వర్తకుడు దానిని మద్యసారమున కరగించి అరకు తయారుచేసెను. కొన్ని సంవత్సరములలోనే ఆ అరకు ఐరోపా, అమెరికాల మందుల అలమారలలో చేరెను. జె. రస్సెల్ రేనాల్డ్స్ అను ప్రసిద్ధ వైద్యుడు 1890లో తన ముప్పది యేండ్ల అనుభవమును ప్రకటించుచు, వృద్ధాప్యమున నిద్రపట్టక రాత్రులు తిరుగాడువారికి ఇంతకు మించిన మందు లేదని వ్రాసెను. ఆయన విక్టోరియా రాణి ఆస్థానవైద్యుడగుటచేత, రాణిగారికిని ఈ అరకు నిచ్చెనని ఒక కథ లోకమున తిరుగుచున్నది. దానికి ఆధారము లేదు. కాని అదే వ్యాసమున ఆయన మరియొక సంగతి చెప్పెను, మనకు కావలసినది అది. ఈ మందు సత్తువ ఒక సీసా కొకటి మారుచుండును గావున, తగు మోతాదును నిర్ణయించుట మిక్కిలి కష్టమని ఆయన హెచ్చరిక.

ఇదియే ఆ కాలపు వైద్యుల తలనొప్పి. ఒక సీసాలోని పది చుక్కలు రోగిని గాఢముగా నిద్రపుచ్చును. మరియొక సీసాలోని ముప్పది చుక్కలు త్రాగినను ఏమియు కాదు. మూడవ సీసా రోగిని భయభ్రాంతుని చేయును. నల్లమందునుండి మార్ఫీనును 19వ శతాబ్దారంభముననే వేరుచేసి, తూచి, సూదిలో ఎక్కించుచుండిరి. గంజాయి మాత్రము జిగురుముద్దగా, ఎవరికిని లొంగక మిగిలెను. పాతబడినకొలది దాని పస తగ్గునని వ్యాపారులకును, ఎక్సైజు అధికారులకును అనుభవము చేత తెలియును. ఎందుకు తగ్గుచున్నదో మాత్రము ఎవరికిని తెలియదు.

ఇట్లుండగా 1893లో బ్రిటిషు పార్లమెంటులో బెంగాలు గంజాయిని గూర్చి ప్రశ్న వచ్చెను. ప్రభుత్వము డబ్ల్యు. మాక్‌వర్త్ యంగ్ అధ్యక్షతన ఒక విచారణ సంఘమును నియమించెను. ఆ సంఘము దేశమంతయు తిరిగి, వైద్యులను, అధికారులను, రైతులను, బైరాగులను కలిపి 1,193 మంది సాక్ష్యమును సేకరించి, 1894లో పలు సంపుటముల నివేదిక సమర్పించెను. మన మద్రాసు రాజధానిని గూర్చిన వివరములును అందు గలవు. అప్పటి కృష్ణా జిల్లా బాపట్ల తాలూకాలోని కొన్ని గ్రామములలో గంజాయి సాగు జరుగుచుండెనని మన పాఠకులలో ఎందరికి తెలియును? మితముగా వాడుటవలన చెప్పుకోదగిన హాని కనబడలేదనియు, అమితముగా వాడువారికి హాని కలదనియు, నిషేధించుటకన్న పన్ను విధించి అదుపులో నుంచుట మేలనియు సంఘము అభిప్రాయపడెను. నాటి ప్రభుత్వమునకు ఎక్సైజు రాబడిపై గల మక్కువను తలచుకొన్న, ఈ తీర్పును సంపూర్ణ నిష్పాక్షికమని మేము పొగడజాలము. ఐనను ఒక మత్తుపదార్థమును గూర్చి అంత ఓపికతో సాక్ష్యము సేకరించిన విచారణ అంతకు పూర్వము లేదు, తరువాతను అరుదు.

సంఘము సాక్ష్యము సేకరింపగలిగెను గాని, జిగురుముద్దలో నున్న దేమో చెప్పలేకపోయెను. ఆ పనికి కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమున ముగ్గురు యువకులు పూనుకొనిరి. వారు టి. బార్లో వుడ్, డబ్ల్యు. టి. న్యూటన్ స్పైవీ, టి. హెచ్. ఈస్టర్‌ఫీల్డ్ అనువారు. వారు తీసికొనినది చరస్, అనగా గంజాయి మొక్క బంక. ఆ కాలమున మన దేశమునకు వచ్చు చరస్‌లో అధికభాగము యార్కండునుండి లేహ్ మీదుగా, గుఱ్ఱములపై కనుమలు దాటి, నెలల తరబడి ప్రయాణము చేసి పంజాబునకు చేరెడిది. వారు బంకను ఈథరులో కరగించి, గాలి ఒత్తిడిని తగ్గించి బట్టీపట్టిరి. మొదట తేలిక తైలములు దిగినవి. కట్టకడపట, 20 మిల్లీమీటర్ల ఒత్తిడిలో 265 డిగ్రీల వేడి దగ్గర, చిక్కని ఎఱ్ఱని నూనె యొకటి దిగెను. చల్లారిన పిమ్మట అది పాకమువలె గట్టిపడెను. 1896లో దానిని ప్రకటించి, కానబినాల్ అని పేరు పెట్టిరి.

ఆ నూనె మత్తు నిచ్చునా? అక్కడనే ఔషధశాస్త్రమున పనిచేయుచుండిన సి. ఆర్. మార్షల్ ఆ సంవత్సరము ఫిబ్రవరిలో ఒక మధ్యాహ్నము, మరియొక ప్రయోగమునకు ఉపకరణములు అమర్చుకొనుచు, గాజుకడ్డీ చివర అంటిన కొద్దిపాటి నూనెను నోట వేసికొనెను. ఇంచుమించు ముప్పావు గంట ఏమియు లేదు. పిమ్మట ఒక్కసారిగా అడుగులు తడబడసాగెను, నవ్వు ఆగలేదు. కొన్ని గంటలకు తేరుకొని, తనకు కలిగిన యనుభవమునంతయు శాస్త్రజ్ఞుని నిదానముతో వ్రాసిపెట్టెను. ఇక సందేహమేమున్నది? గంజాయి సారము దొరికినదని లోకము నమ్మెను.

నమ్మకము కట్టినవారే దానిని ముందుగా శంకించిరి. ఆ ఎఱ్ఱనూనె ఒకే పదార్థము కాదని, దానిలోనుండి స్ఫటికములుగా దిగు భాగము వేరు, దిగని భాగము వేరు అని కేంబ్రిడ్జివారు గమనించి, 1899లో కానబినాల్ అను పేరును ఆ స్ఫటికముల నిచ్చు పదార్థమునకే పరిమితము చేసిరి. మార్షల్‌ను నవ్వించినది నూనెలోని రెండవ భాగము. పేరు మాత్రము మొదటి దానికి దక్కెను. దొంగ తప్పించుకొనిపోగా ప్రక్కనున్నవాని పేరు పోలీసు పుస్తకమున ఎక్కినట్లయ్యెను.

ఆ ముగ్గురి బృందము చెదరిపోయెను. ఈస్టర్‌ఫీల్డ్ 1899లో న్యూజిలాండునకు ఆచార్యుడుగా వెళ్లెను. స్పైవీ 1901లో ప్రయోగశాలలో జరిగిన ప్రమాదమున మరణించెను. వుడ్ వ్యవసాయశాస్త్రమునకు మరలి, అందు పెద్ద పేరు సంపాదించెను. గంజాయిని ముట్టినవారి నందరిని దురదృష్టము వెంటాడెనని కొందరు కథ అల్లిరి. ఈస్టర్‌ఫీల్డ్ మాత్రము సర్ బిరుదమును పొంది 1949 వరకు సుఖముగా జీవించెను. ఇట్టి కథలు తేదీల ముందు నిలువవు.

తరువాత ముప్పది యేండ్లు చెప్పుకోదగిన దేమియు జరుగలేదు. 1930 ప్రాంతమున ఆర్. ఎస్. కాన్ అను ఆంగ్ల రసాయనజ్ఞుడు కానబినాల్ నిర్మాణమును చాలవరకు తేల్చెను. అందు ఇరువది యొక్క బొగ్గు పరమాణువులు, ఇరువది యారు ఉదజని పరమాణువులు, రెండు ఆమ్లజని పరమాణువులు కలవు. మిగిలిన చిక్కును 1940లో, అమెరికాలో రోజర్ ఆడమ్స్, ఇంగ్లండులో అలెగ్జాండర్ టాడ్ వేరువేరుగా విడదీసిరి. ఇరువురును కానబినాల్‌ను ప్రయోగశాలలో కృత్రిమముగా తయారుచేసి, దాని కల్తీలేని రూపమును పరీక్షించిరి. గంజాయి మత్తు అందు కనబడలేదు! నలువది నాలుగు సంవత్సరములు గంజాయి ప్రాణముగా భావింపబడినది వట్టి పెంకు అని తేలెను. టాడ్ తరువాత జీవకణముల రసాయనమున కృషిచేసి 1957లో నోబెల్ బహుమానము నందుకొనెను. ఆయన జీవితమున కానబినాల్ ఒక చిన్న మజిలీ మాత్రమే.

అప్పటికే వైద్యులు విసిగిపోయియుండిరి. గంజాయి అరకు బ్రిటిషు ఔషధగ్రంథమునుండి 1932లోను, అమెరికా గ్రంథమునుండి 1942లోను తొలగిపోయెను. చట్టములు, రాజకీయములు ఇందుకు కొంత కారణమే. ఐనను ఒక సీసావలె మరియొక సీసా పనిచేయకపోవుట అంతకన్న తక్కువ కారణము కాదు.

అసలు దొంగ 1964లో దొరికెను. ఇస్రాయేలులో రఫాయెల్ మెషూలమ్, యెహియెల్ గావోని అనువారు, టెల్ అవీవ్ పోలీసులు పట్టుకొనిన ఐదు కిలోల లెబనాను హషీషును అడిగి తెచ్చుకొనిరి. మెషూలమ్ దానిని సంచిలో పెట్టుకొని బస్సులో వచ్చుచుండగా, ఆ వాసన యేమిటని తోటి ప్రయాణికులు ముక్కులు ఎగబీల్చిరట. దానినుండి వారు వేరుచేసినదే టెట్రాహైడ్రోకానబినాల్. నోరు తిరుగని ఈ పేరును టి.హెచ్.సి. అని కుదించుకొందము. పేరులోనే చమత్కారమున్నది. "టెట్రాహైడ్రో" అనగా నాలుగు ఉదజని పరమాణువులు అధికముగా గలది యని అర్థము. దేనికన్న అధికము? కానబినాల్‌కన్న. అసలైనది తరువాత దొరికినందున, దాని పేరును నకలు పేరు మీద కట్టవలసి వచ్చెను. తండ్రికి కుమారుని ఇంటిపేరు పెట్టినట్లయ్యెను.

తండ్రి, కుమారుడు అను మాట ఇక్కడ ఊరక అనలేదు. పచ్చని మొక్కలో కానబినాల్ దాదాపు ఉండనే ఉండదు. మొక్క తయారుచేయునది టి.హెచ్.సి.కి మూలమైన యొక ఆమ్లము. వేడి తగిలిన అది టి.హెచ్.సి. యగును. ఆ టి.హెచ్.సి. నెలలు, సంవత్సరములు నిలువ యుండి, గాలికి, వెలుతురునకు, వేడికి నాలుగు ఉదజని పరమాణువులను కోలుపోయినపుడు కానబినాల్‌గా మారును. నిలువనూనె గాలి తగిలి వాసన వేయుట ఎట్టిదో ఇదియు నట్టిదే. యార్కండునుండి గుఱ్ఱముల వీపున వచ్చిన పాత చరస్‌లలో కానబినాల్ పేరుకొనియుండుటలోను, మందుల షాపు అలమారలో రెండేండ్లు నిలిచిన అరకు పనిచేయకపోవుటలోను ఇక వింత లేదు. రేనాల్డ్స్ మహాశయుని తికమక పెట్టినది కాలము.

ఈ గుణమే కానబినాల్‌కు ఒక ఉపయోగమును సంపాదించి పెట్టెను. మేము ఎరిగినంతలో సందేహమునకు తావులేని ఉపయోగ మిది యొక్కటియే. అది గడచిన కాలమునకు సాక్షి. అమెరికాలోని మిసిసిపీ విశ్వవిద్యాలయమువారు గంజాయిని మామూలు గదిలో నిలువయుంచి కొలిచి చూచిరి. మొదటి సంవత్సరము ముగియునప్పటికి టి.హెచ్.సి.లో నూటికి 17 వంతులు, రెండవ సంవత్సరమునకు 27, నాలుగవ సంవత్సరమునకు 41 వంతులు నశించినవి. దానికి తగినట్లు కానబినాల్ పెరుగుచు వచ్చెను. ఈ రెండింటి నిష్పత్తిని చూచి, పట్టుబడిన సరుకు ఎంతకాలము క్రిందటిదో సుమారుగా చెప్పవచ్చును.

సంవత్సరముల లెక్క సరే, సహస్రాబ్దముల లెక్క వినుడు. చైనా వాయవ్యమున తుర్ఫాన్ సమీపములోని యాంఘాయ్ శ్మశానవాటికలో, సుమారు 2,700 సంవత్సరముల క్రిందట పాతిపెట్టబడిన యొకని తల ప్రక్కన, పాత్రలో భద్రపరచిన 789 గ్రాముల గంజాయి దొరికెను. ఎడారి పొడిలో అది ఇంకను పచ్చదనము కోలుపోలేదు. 2008లో ప్రకటించిన పరీక్షలో టి.హెచ్.సి. మిగులలేదు గాని, అది మారగా ఏర్పడిన కానబినాల్ కనబడెను. అనగా ఆ మృతుని వెంట బంధువులు పంపినది నారకొరకు పెంచు జనుపజాతి కాదు, మత్తు గల జాతియే. పామీరు పర్వతములలో సుమారు 2,500 సంవత్సరముల నాటి సమాధులలోని కొయ్య కుంపట్లలోను ఇదే సాక్షి 2019లో బయటపడెను. ఆ మరుసటి సంవత్సరమే ఇస్రాయేలులోని తెల్ ఆరాద్ దేవాలయమున, క్రీస్తుకు పూర్వము 8వ శతాబ్దినాటి బలిపీఠముపై అంటుకొనియున్న నల్లని మష్టులో టి.హెచ్.సి.తోపాటు ఇదియు కనబడెను. పురాణములు చెప్పనివి, శాసనములు వ్రాయనివి ఈ పనికిరాని పదార్థము చెప్పినది. చరిత్రవిద్యార్థులమైన మాకు కానబినాల్‌పై అభిమానము కలుగుటకు ఇంతకన్న కారణ మక్కరలేదు.

ఇక నిద్ర మాట. పాతబడిన గంజాయి ఉత్సాహము నీయక మగత కలిగించునని వాడుకరులలో ఒక ప్రతీతి కలదు. పాతదానిలో అధికముగా నుండునది కానబినాల్. కావున కానబినాల్ నిద్ర కలిగించునని తర్కము. తర్కము చక్కగానే యున్నది. కాని నిలువవలన మారునది అదొక్కటే కాదు, తేలికైన సుగంధతైలములు ఎగిరిపోవును, మరికొన్ని పదార్థములు పుట్టును. ఎవరు మగత కలిగించిరో ఊహ చేత తేలదు.

పరీక్ష చేత తేల్చబూనినవారు బ్రెజిలు దేశీయులు. 1975లో ప్రకటించిన వారి ప్రయోగమున ఐదుగురు, అక్షరాల ఐదుగురే, పురుషులకు 50 మిల్లీగ్రాముల కానబినాల్ ఇచ్చిరి. దానివలన నిద్రమత్తు కనబడలేదు. టి.హెచ్.సి.తో కలిపి ఇచ్చినపుడు మాత్రము, టి.హెచ్.సి. ఒక్కదానికన్న అధికముగా తల తిరుగుట, మగత తోచినవి. ఈ చిన్న ప్రయోగమునుండి మొదటి సగము జారిపోయి, రెండవ సగము మిగిలి, సముద్రములు దాటి, ఏబది యేండ్ల తరువాత సీసాలపై ముద్రింపబడుచున్నది. 2021లో అమెరికాలో జేమీ కరూన్ అను పరిశోధకుడు అచ్చయిన గ్రంథమంతయు గాలించి, కానబినాల్ నిద్ర కలిగించునని చెప్పుటకు చాలినంత ఆధారము లేదని తేల్చెను.

కథ అంతటితో ఆగలేదు, ఆగియుండిన మాకు పని సులువయ్యెడిది. ఆ తరువాత అమెరికాలో వందలకొలది మందిపై, మందేదో మాయబిళ్ల యేదో ఇచ్చువారికిగాని పుచ్చుకొనువారికిగాని తెలియకుండ, ఏడు రాత్రులు పరీక్ష జరిపిరి. 20 మిల్లీగ్రాముల కానబినాల్ పుచ్చుకొనినవారు రాత్రి మధ్యమధ్య మేలుకొనుట కొంత తగ్గెను. పండుకొనిన పిమ్మట నిద్రపట్టుటకు పట్టు కాలము మాత్రము తగ్గలేదు. నిద్ర బాగుగా నుండెనా యన్న ముఖ్యప్రశ్నకు తేడా నిశ్చయముగా చెప్పదగినంత రాలేదు. 2024లో సిడ్నీ విశ్వవిద్యాలయమువారు ఎలుకల మెదడులోని విద్యుత్తరంగములను కొలిచి, కానబినాల్ వలన వాని నిద్ర పెరిగెనని చూపిరి. శరీరములో కానబినాల్ మార్పుచెంది పుట్టు మరియొక పదార్థము కూడ ఈ పని చేయుచున్నదనిరి. కావున ప్రతీతిలో లేశమైనను సత్యమున్నదేమో యని తోచుచున్నది. ఎలుకకును ఎనుబది యేండ్ల తాతగారికిని మధ్య దూరము చాల యున్నది.

ఇది శరీరమున పనిచేయు విధమును గొంత చెప్పవలెను. మన మెదడులోని నాడీకణములపై టి.హెచ్.సి. వంటి పదార్థములు పట్టుకొను తాళపుకప్పలవంటి అణువులున్నవని 1988లో కనుగొని, 1990లో వాని నిర్మాణమును తెలిసికొనిరి. ఈ కప్పలకు సరిపోవు తాళపుచెవిని మన శరీరమే తయారుచేసికొనుచున్నదని 1992లో తేలినపుడు, మెషూలమ్ బృందము దానికి సంస్కృతమునుండి "ఆనంద" శబ్దమును తీసికొని ఆనందమైడ్ అని పేరు పెట్టినది. కానబినాల్ చెవియు ఈ కప్పలో దూరును గాని, టి.హెచ్.సి. అంత గట్టిగా పట్టదు, అరగొరగా తిరుగును. మత్తు ఏమాత్రము నీయదని వ్యాపారులు చెప్పుమాటయు అందుచేత పూర్తిగా నిజము కాదు. మోతాదు మిక్కిలి పెంచినపుడు కొంత మత్తు కలుగవచ్చును.

నిద్రగాక ఇతర ప్రయోజనములను గూర్చియు వెదకుచున్నారు. మామూలు మందులకు లొంగని స్టఫిలోకోకస్ సూక్ష్మజీవులను గాజుపాత్రలలో కానబినాల్ అణచగలదని 2008లో ఇటలీ, ఇంగ్లండు శాస్త్రజ్ఞులు కనుగొనిరి. దానితోపాటు గంజాయిలోని మరి నాలుగు పదార్థములును ఆ పని చేసినవి. కండరములు క్రమముగా చచ్చుబడు వ్యాధి గల చిట్టెలుకలకు ఇచ్చినపుడు లక్షణములు రెండు వారములకు పైగా ఆలస్యముగా కనబడినవని 2005లో తెలిసినది. కాని ఆ చిట్టెలుకల ఆయుర్దాయము మాత్రము పెరుగలేదు. అమెరికాలోని సాల్క్ సంస్థలో నాడీకణములను ప్రాణవాయువు ధాటినుండి కాపాడు శక్తిని పరీక్షించుచున్నారు. చర్మము పొక్కులెక్కు ఒక అరుదైన పుట్టువ్యాధికి లేపనముగాను కొందరు రోగులపై చూచిరి. దురద విషయమున కొంత ఆశ కనబడెను. ఇవి అన్నియు విత్తనములు. ఏది మొలచునో, ఏది మొలచి వాడునో చెప్పు వేళ ఇంకను రాలేదు.

పాత పొరపాటు ఒకచోట మాత్రము నేటికిని చెక్కుచెదరక యున్నది. 1971 నాటి బ్రిటిషు మత్తుపదార్థముల చట్టమున "కానబినాల్, కానబినాల్ సంబంధ పదార్థములు" అను మాటలు కనబడును. 1940లోనే నిర్దోషి యని తేలినవాని పేరు, ముప్పది యేండ్ల తరువాత వ్రాసిన ముద్దాయిల పట్టికలో, మొదటి వరుసలో! రసాయనశాస్త్రము తన తప్పును దిద్దుకొనినంత త్వరగా చట్టము దిద్దుకొనదు. అమెరికాలో ఇందుకు విపరీతము జరిగెను. 2018లో మత్తు లేని జనుపజాతి మొక్కను నిషేధమునుండి విడుదల చేయగా, దానిలోని కానబిడయాల్ అను మరియొక పదార్థమును తీసికొని, కర్మాగారములలో రసాయనమార్గమున కానబినాల్‌గా మార్చి అమ్మసాగిరి. కాలము సంవత్సరములలో చేయుపనిని యంత్రము గంటలలో చేయుచున్నది. అట్లు చేయుటలో మార్పు పూర్తికాక కొంత టి.హెచ్.సి. మిగులవచ్చును. సీసాపై వ్రాసినదానికిని లోపల నున్నదానికిని తేడా యుండుట ఈ వ్యాపారమున అరుదు కాదు.

కావున ఉత్తరములు వ్రాసిన పెద్దలకు మా మనవి యిది. కానబినాల్ విషమని భయపడ నక్కరలేదు, అమృతమని నమ్మనక్కరలేదు. మీరు ఇదివరకే రక్తపు గడ్డలకు, మూర్ఛకు, గుండెకు మందులు వాడుచున్నవారైన, ఈ జాతి పదార్థములు కాలేయమున ఆ మందుల పనికి అడ్డము రాగలవు. మీ వైద్యుని అడుగక ముట్టరాదు. ఉద్యోగములో మూత్రపరీక్ష జరుగు వాహనచోదకులు మొదలైనవారు మరింత జాగ్రత్తగా నుండవలెను. ఆ పరీక్షలలో కొన్ని కానబినాల్‌ను టి.హెచ్.సి. యని పొరబడుచున్నవి. నూట ముప్పది యేండ్ల క్రిందట కేంబ్రిడ్జిలో జరిగిన పొరపాటే, ఈసారి యంత్రము చేయుచున్నది.

సీసాను మన దేశమునకు తెచ్చుటకు ముందు ఇంకొక ఆలోచన అవసరము. 1985 నాటి మన మత్తుపదార్థముల చట్టము ఆకులను, గింజలను కొంతవరకు విడిచిపెట్టినను, గంజాయి, చరస్, టి.హెచ్.సి. దాని పరిధిలోనివే. లోపల లేశమైన టి.హెచ్.సి. మిగిలినదో లేదో సీసా మీది కాగితము చెప్పదు. విమానాశ్రయమున పెట్టె తెరచినపుడు దానికి సమాధానము చెప్పవలసినది పంపిన కుమారుడు కాదు, తెచ్చుకొనుచున్న తల్లిదండ్రులు.